ఇస్లాం వైపు మనసు లాగుతోంది, యేసును వదులుకోలేకపోతున్నాను: ఒక కథోలిక సోదరి ప్రశ్నకు జవాబు

సోదరీ, మీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. మిగతా చదువరుల కోసం మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు కథోలిక కుటుంబంలో పుట్టి, గుడిలో పాటల బృందంలో పాడుతూ పెరిగారు. ఒక స్నేహితురాలి వల్ల ఖుర్ఆన్ చదవడం మొదలుపెట్టారు. దేవుడు ఒక్కడే అన్న మాట మీ మనసుకు హాయిగా ఉంది. త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న బోధ, మీకు చిన్నప్పటి నుంచీ కొరుకుడు పడలేదు. కానీ యేసు దేవుని కుమారుడు కాడని అనుకోబోతే మాత్రం ఏడుపు వస్తోంది. ఇస్లాంలోకి వెళితే యేసును వదిలినందుకు నరకం, వెళ్ళకపోతే సత్యం తెలిసి కూడా కాదన్నందుకు నరకం అనే భయంతో నిద్ర పట్టడం లేదు. ఈ అనుమానం దేవుడు నన్ను ఆపుతున్న సంకేతమా, లేక సైతాను గుసగుసా అని అడిగారు.

నేను ఎటువైపు నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెప్పడం న్యాయం. నేనూ కథోలికురాలిగానే పుట్టాను. జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం అనే చర్చి సంస్కారాలు మూడూ అయ్యాయి. ఏళ్ళ తరబడి ఆలోచించి ముస్లింనయ్యాను. అప్పటి నుంచి ఇదే సందిగ్ధంలో ఉన్న ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడుతూ వస్తున్నాను. కొందరు ఇస్లాం స్వీకరించారు, కొందరు తిరిగి గుడికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో ఇప్పటికీ నా ఆప్తులున్నారు. మీరు కూడా నా దారిలోకి వస్తే బాగుండునని నాకు ఆశ ఉంది, దాన్ని దాచను. అయితే భయంతోనో, పక్కవాళ్ళ తొందర వల్లనో కలిమా (ఇస్లాంలో చేరేటప్పుడు పలికే సాక్ష్యం) చదివినవాళ్ళు తర్వాత ఎంత నలిగిపోతారో దగ్గరగా చూశాను. ఆ బాధ మీకు రాకూడదన్న కోరిక నా ఆశ కంటే బలమైనది.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, ఇది సంకేతమూ కాకపోవచ్చు, గుసగుసా కాకపోవచ్చు. తేలని విషయం ఇంకా తేలలేదని మీ మనసు నిజాయితీగా చెబుతోంది. ఆ తేలని విషయం ఏమిటన్నదే అసలు పట్టుకోవలసింది. మీ ఉత్తరంలో త్రిత్వం గురించి చాలా ఉంది, పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) గురించి ఉంది, నమాజు చూసినప్పుడు కలిగిన ప్రశాంతత గురించి ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స) గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు.

ఇది చిన్న లోటు కాదు. ఇస్లాంలోకి రావడమంటే రెండు సాక్ష్యాలు పలకడం. అల్లాహ్ తప్ప ఆరాధనకు అర్హుడు ఎవడూ లేడన్నది మొదటిది. ముహమ్మద్ అల్లాహ్ పంపిన ప్రవక్త అన్నది రెండోది. కథోలిక కుటుంబాల నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మొదటి వాక్యం దగ్గరే ఆలోచించి ఆగిపోతారు. దేవుడు ఒక్కడే అన్నది మీ విశ్వాస సంగ్రహంలో మొదటి మాట కూడా కదా, అందుకే అది తేలిగ్గా మనసులోకి దిగుతుంది. రెండో వాక్యాన్ని మొదటిదానితో పాటు వచ్చే లాంఛనంలా తీసుకుంటారు. కానీ యేసు గురించి మీరు పడుతున్న వేదన అంతా తేలేది ఆ రెండో వాక్యం దగ్గరే. ఎందుకో చెబుతాను.

సిలువ సంగతి చూడండి. యేసును వారు చంపలేదని, సిలువ వేయలేదని, వారికి అలా అనిపించేలా చేయబడిందని ఖుర్ఆన్ 4:157 (నాలుగో అధ్యాయం, 157వ వాక్యం) చెబుతుంది. మరోవైపు, పొంతు పిలాతు కాలంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రెండో శతాబ్దం మొదట్లో రాశాడు. పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ అంతకంటే చాలా ముందుది, యేసు తర్వాత పాతికేళ్ళు తిరక్కముందే రాసినది. క్రీస్తు మరణం అప్పటికే అందరూ నమ్మి చెప్పుకునే సంగతి అని ఆ లేఖే చూపిస్తుంది. ఏ మతానికీ చెందని చరిత్రకారులు కూడా సిలువ మరణాన్ని గట్టి చారిత్రక విషయంగానే చూస్తారు. మరి నేను 4:157ను ఎలా నమ్ముతున్నాను? చరిత్ర పుస్తకాలు చదివి ఆ నిర్ణయానికి రాలేదు. ఖుర్ఆన్ దేవుని వాక్కు అని, దాన్ని తెచ్చినవాడు నిజమైన ప్రవక్త అని ముందు నమ్మాను, ఆ నమ్మకం మీద దీన్ని ఒప్పుకున్నాను. అంటే బరువంతా రెండో సాక్ష్యం మీదే ఉంది. అది నిలబడితే ఇది నిలబడుతుంది. అది మీకు నిలబడకపోతే, త్రిత్వం అర్థం కాలేదన్న ఒక్క కారణంతో మీరు ముస్లిం కాలేరు. త్రిత్వం అర్థం కాని కథోలికురాలిగా ఉంటారు, అలాంటివాళ్ళు ప్రతి గుడిలోనూ ఉంటారు.

త్రిత్వం ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వీడియోల్లో విని దాన్ని కొట్టిపారేయకండి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియాలో ఓటింగు పెట్టి యేసును దేవుణ్ణి చేశాడని, బైబిల్లో ఏ పుస్తకాలుండాలో అక్కడే తేల్చారని చాలామంది ముస్లిం వక్తలు చెబుతారు. అది నిజం కాదు. అక్కడ చర్చ అలెగ్జాండ్రియాకు చెందిన ఆరియస్ బోధ గురించి, అంటే కుమారుడు సృష్టించబడినవాడా కాదా అన్న దాని గురించి. బైబిలు పుస్తకాల జాబితా ఆ సభ తేల్చిన విషయం కాదు. దానికి రెండు వందల ఏళ్ళ ముందే, సుమారు 112లో, రోమన్ అధికారి ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో క్రైస్తవులు తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తును దేవుడిగా భావించి స్తుతిగీతం పాడతారని ఉంది. యేసు దైవత్వం మీద నమ్మకం ఒక చక్రవర్తి కల్పించింది కాదు. అలాగే మరియమాత త్రిత్వంలో భాగమని ఏ కథోలిక సత్యోపదేశమూ చెప్పదు. నిన్నూ నీ తల్లినీ దేవుళ్ళుగా చేసుకోమని జనానికి చెప్పావా అని దేవుడు యేసును అడిగే ఖుర్ఆన్ 5:116 చదివి 'మేము ఎప్పుడు అలా నమ్మాం?' అని మీకు అనిపించి ఉంటుంది. ఆ ఆయత్ (వాక్యం) ఎవరిని ఉద్దేశించిందన్న దాని మీద వ్యాఖ్యాతలు చాలా చర్చించారు, ఒక మంచి తఫ్సీర్ (ఖుర్ఆన్ వ్యాఖ్యానం) తీసి చూడండి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. త్రిత్వాన్ని ఎంత సరిగ్గా, ఎంత అందంగా వివరించినా ఇస్లాం దాన్ని అంగీకరించదు. దేవుడు కననూ లేదు, ఎవరికీ పుట్టనూ లేదు అని 112వ సూరా (అధ్యాయం) స్పష్టంగా చెబుతుంది. మధ్యేమార్గం వెతక్కండి. కాదనేటప్పుడు మీ చర్చి నిజంగా బోధించేదాన్ని తెలుసుకునే కాదనండి. ఎవరో వేసిన వ్యంగ్య చిత్రాన్ని కాదంటే ఆ అనుమానం కొన్నేళ్ళకు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

ఇక రెండో సాక్ష్యం. ప్రవక్త (స) జీవితం చదవండి. సుమారు 570లో మక్కాలో పుట్టుక, 610లో మొదటి వహీ (దైవవాణి), 622లో హిజ్రత్ (మదీనాకు వలస), 632లో మరణం. తేదీలు తేలిక, మనిషిని తెలుసుకోవడానికే సమయం పడుతుంది. మొదటి వహీ వచ్చిన రాత్రి ఆయన వణికిపోతూ ఇంటికి వచ్చి భార్య ఖదీజాను దుప్పటి కప్పమన్నారు. ఆమె ఆయన్ని తన బంధువు వరఖా దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆ వృద్ధుడు క్రైస్తవుడు, మూసా (మోషే) దగ్గరికి వచ్చిన దూతే నీ దగ్గరికీ వచ్చాడు అన్నాడు. హింస భరించలేక కొందరు ముస్లింలు అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతం) వలస వెళ్ళినప్పుడు, అక్కడి క్రైస్తవ రాజు ముందు వాళ్ళలో ఒకరైన జాఫర్ మర్యమ్ సూరాలోని ఆయతులు చదివారని, రాజు గడ్డం తడిసేలా ఏడ్చాడని సీరా (ప్రవక్త జీవిత చరిత్ర) గ్రంథాలు చెబుతాయి. ఇవి మీ మనసుకు వెంటనే తగులుతాయి.

మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి కూడా చదవండి, కలిమాకు ముందే చదవండి. యుద్ధాలు, బనూ ఖురైజా తెగకు పడిన శిక్ష, ప్రవక్త వివాహాలు, ఆయన భార్య ఆయిషా (ర) వయసు గురించిన హదీసులు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు), భార్యాభర్తల గురించి 4:34, బానిసత్వం గురించిన నియమాలు. వీటి మీద ముస్లిం పండితుల మధ్యే రకరకాల వివరణలున్నాయి. కొన్ని మీకు తృప్తినిస్తాయి, కొన్ని ఇవ్వవు. వీటిని కొత్తగా వచ్చినవాళ్ళకు చెప్పకుండా దాటవేసే అలవాటు మనలో కొందరికి ఉంది. నాకు అది అస్సలు నచ్చదు. పెళ్ళికి ముందు చెప్పవలసిన మాట పెళ్ళయ్యాక చెప్పినట్టుంటుంది. ఇవన్నీ చూశాక కూడా 'ఈ మనిషి దేవుని గురించి నిజమే చెప్పాడు' అని మీకు అనిపిస్తే, అప్పుడు మీ సాక్ష్యానికి బలం ఉంటుంది.

నన్ను కదిలించింది ఏమిటని మీరు అడగలేదు, అయినా చెబుతాను. 80వ సూరా. ఒక అంధుడు ఏదో నేర్చుకుందామని వస్తే, పెద్దమనుషులతో మాట్లాడుతున్న ప్రవక్త ముఖం చిట్లించుకున్నారు. ఖుర్ఆన్ ఆయన్నే మందలించింది. తన ప్రవక్తను అందరి ముందు నిలదీసే గ్రంథాన్ని ఆ ప్రవక్తే అల్లి ఉంటాడని నేను నమ్మలేకపోయాను. ఇది రుజువు కాదు, మీకు ఇదేమీ అనిపించకపోవచ్చు. మిమ్మల్ని కదిలించేది మీకు మీరే కనుక్కోవాలి, నా కారణాన్ని అరువు తెచ్చుకోకండి.

నమాజులో కలిగిన ప్రశాంతత గురించి. అది నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడను. కానీ అదొక్కటే మీకు దారి చెప్పదు. ఛార్లెస్ ద ఫూకో అనే ఫ్రెంచి సైనికాధికారి దేవుడి మీద నమ్మకం పోయిన రోజుల్లో ముస్లింల ప్రార్థన చూసి కదిలిపోయాడు. దాని ఫలితంగా ఆయన 1886లో తిరిగి వచ్చింది తన కథోలిక విశ్వాసానికే. 2022లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. ఫ్రెంచి పండితుడు లూయీ మస్సిఞోన్‌ది కూడా దాదాపు అలాంటి కథే, ముస్లింల ఆతిథ్యం మధ్య 1908లో ఆయన తన చర్చిలోకి తిరిగి వెళ్ళాడు, జీవితమంతా ఇస్లాంను ప్రేమించాడు. ఇంకోవైపు జర్మన్ దౌత్యవేత్త మురాద్ హోఫ్‌మన్ కథోలిక కుటుంబంలో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, 1980లో ఇస్లాం స్వీకరించాడు. నిజాయితీ ఉన్న మనుషులను ఒకే అనుభవం రెండు వైపులకూ తీసుకువెళ్ళింది. అందుకే అనుభూతిని గౌరవించండి, నిర్ణయాన్ని మాత్రం దాని చేతిలో పెట్టకండి.

ఇప్పుడు మీరు పోగొట్టుకునేదాని గురించి. దీన్ని ఎవరూ మీతో విడమరిచి మాట్లాడి ఉండరు.

మరియమ్మను మీరు పూర్తిగా పోగొట్టుకోరు. ఖుర్ఆన్‌లో ఆమె పేరు 34 సార్లు వస్తుంది, ఒక సూరాకు ఆమె పేరే ఉంది, లోకంలోని స్త్రీలందరి కంటే దేవుడు ఆమెను ఎన్నుకున్నాడని 3:42 చెబుతుంది. కన్యగానే యేసుకు జన్మనిచ్చిందన్నది మా విశ్వాసం కూడా. కానీ 'మా కొరకు ప్రార్థించండి' అని ఆమెను అడగడం ఉండదు. జపమాల ఉండదు. చేతివేళ్ళు అలవాటుగా పూసల కోసం వెతుకుతాయి, ఆ రోజుల్లో బాధగా ఉంటుంది.

పాపసంకీర్తనం ఉండదు. తౌబా (పశ్చాత్తాపం) నేరుగా దేవునితోనే. దేవుని కారుణ్యం పట్ల నిరాశ చెందకండి, ఆయన పాపాలన్నిటినీ క్షమిస్తాడు అనే 39:53 ఆయత్ చదివి ఎంతోమంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ 'నీ పాపాలు క్షమించబడ్డాయి' అని ఒక మనిషి గొంతుతో చెవికి వినపడటానికి అలవాటు పడినవాళ్ళకు ఆ నిశ్శబ్దం మొదట్లో కష్టంగా ఉంటుంది.

అన్నిటికంటే పెద్దది దివ్య సత్ప్రసాదం, పూజలో స్వీకరించే ఆ అప్పం. అందులో క్రీస్తు నిజంగా ఉన్నాడని మీరు నమ్మితే, ఇస్లాంలో దానికి బదులుగా ఇవ్వగలిగింది ఏదీ లేదు. నమాజ్ ఉంది, సజ్దా ఉంది, నుదురు నేలకు ఆనించినప్పుడు దేవునికి దగ్గరయ్యామన్న భావన ఉంది. అవి గొప్పవి, కానీ వేరే రకానివి. దేవుణ్ణి మనలోకి స్వీకరించడం అన్న భావనే ఇక్కడ లేదు. మీకు ఏడుపు ఎక్కడ వస్తుందో బాగా గమనించండి. యేసు బొమ్మ, క్రిస్మస్ పాటలు, అమ్మ పక్కన కూర్చునే బల్ల గుర్తొచ్చి వస్తోందా? అయితే అది ఎడబాటు బాధ, ఏ దారి మార్చుకున్నా ఉండేదే. లేక సత్ప్రసాదం ముందు మోకరించినప్పుడు 'ఈయన నా ప్రభువు' అని లోపల నుంచి వస్తోందా? అయితే మీరు ఇంకా విశ్వసిస్తున్నారు. ఆ విశ్వాసం ఉండగా కలిమా పలికితే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. ముస్లింగానే ఈ మాట చెబుతున్నాను.

అనుమానం గురించి రెండు సంప్రదాయాల్లోనూ పెద్దలు చాలా చెప్పారు. చనిపోయినవారిని ఎలా బ్రతికిస్తావో చూపించమని ఇబ్రాహీం (అబ్రాహాము) దేవుణ్ణి అడిగితే, 'నీకు నమ్మకం లేదా?' అన్న ప్రశ్నకు 'ఉంది, నా మనసు నెమ్మదించడం కోసం' అన్నాడని 2:260లో ఉంది. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఒక తండ్రి, నేను నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో నాకు సాయం చెయ్యి అని ఏడ్చాడు. మనసులో చెప్పుకోలేనంత ఘోరమైన ఆలోచనలు వస్తున్నాయని సహచరులు మొరపెట్టుకుంటే, అది స్పష్టమైన విశ్వాసమే అని ప్రవక్త (స) అన్నారు. ఆ ఆలోచనలంటే వాళ్ళకున్న ఏవగింపే విశ్వాసానికి గుర్తని పండితులు వివరించారు. ఇస్లాం మహా పండితుడు ఇమాం గజాలీ అంతటివాడు సంశయవాదంలో కూరుకుపోయి దాదాపు రెండు నెలలు దేన్నీ నమ్మలేని స్థితిలో గడిపానని రాసుకున్నాడు. ఆంగ్లికన్ చర్చి నుంచి కథోలిక చర్చికి మారిన న్యూమన్‌కు మొదటి అనుమానం 1839లో వచ్చింది, మారింది 1845లో. పదివేల చిక్కుప్రశ్నలు కలిసినా ఒక్క సందేహంతో సమానం కావని తర్వాత ఆయన చెప్పిన మాట మీకు పనికొస్తుంది. జవాబు తెలియని ప్రశ్న ఉండటం ఒకటి, నమ్మకమే లేకపోవడం ఇంకొకటి.

అందువల్ల ప్రశ్నలన్నీ తీరేవరకు ఆగాలని నేను చెప్పడం లేదు. అలా ఆగితే జీవితాంతం ఆగాలి. రెండు సాక్ష్యాలూ మనసు ఒప్పుకుంటే చాలు, మిగతావి దారిలో నేర్చుకోవచ్చు. అలా ఒప్పుకున్నాక జనం ఏమనుకుంటారోనని వాయిదా వెయ్యడం మంచిది కాదని కూడా చెబుతాను. మనసు ఒప్పుకోకముందు మాత్రం ఎవరి తొందరకూ లొంగకండి. మతంలో బలవంతం లేదన్న 2:256 బయటివాళ్ళకే కాదు, మిమ్మల్ని మీరు బలవంతపెట్టుకోవడానికీ వర్తిస్తుందని నేను అనుకుంటాను.

యేసు సభ (జెస్విట్లు) స్థాపకుడు పునీత ఇఞాసియుస్ లొయోలా చెప్పిన ఒక నియమాన్ని ముస్లింనయ్యాక కూడా నేను వదల్లేదు. మనసు చీకటిగా, కుంగిపోయి ఉన్నప్పుడు పెద్ద మార్పు ఏదీ చేయకూడదు, వెలుగున్నప్పుడు తీసుకున్న నిర్ణయం మీదే నిలబడాలి అని. మీరు నిద్ర లేకుండా, భయంతో ఉన్నారు. ఈ స్థితిలో కలిమా చదవడమూ వద్దు, జన్మలో ఖుర్ఆన్ ముట్టనని ఒట్టు పెట్టుకోవడమూ వద్దు.

ఆ భయం గురించి ఇంకో మాట. అదే ఆలోచన గంటల తరబడి తిరుగుతుంటే, తప్పు జరిగిందేమోనని జపాలు మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటుంటే, ఒకే పాపాన్ని ఫాదర్ దగ్గర పదే పదే ఒప్పుకుంటుంటే, అది మతానికి సంబంధించిన ప్రశ్న కాకపోవచ్చు. మీ చర్చిలో దీన్ని అతి పాపభీతి అంటారు, మేము వస్వసా అంటాం, డాక్టర్లు ఓసీడీ అంటారు. ఆ టెన్షన్ మతం మారితే పోదు, వుజూ (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం) సరిగ్గా అయిందా లేదా అన్న కొత్త రూపంలో వస్తుంది. మానసిక వైద్యులను కలవడం విశ్వాసానికి లోటు కాదు. ముందు నిద్ర పట్టనివ్వండి, తర్వాత వేదాంతం.

నరకం సంగతి కూడా చూద్దాం. రెండు వైపుల నుంచీ నరకమే అని మీరు రాశారు. కథోలిక చర్చి రెండో వాటికన్ మహాసభ 1964లో, 1965లో వెలువరించిన పత్రాలు ముస్లింలు ఒకే కరుణామయుడైన దేవుణ్ణి ఆరాధిస్తున్నారని అంగీకరించాయి. తమ తప్పు లేకుండా క్రీస్తును ఎరుగక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికేవారికి రక్షణ ద్వారం మూసుకుపోలేదన్నాయి. ఎరిగి కాదనుకోవడాన్ని మాత్రం మీ చర్చి తేలిగ్గా తీసుకోదు, ఇది కూడా చెప్పాలి. మా వైపు, సందేశం అందనివారిని, వక్రీకరించిన రూపంలో మాత్రమే అందినవారిని దేవుడు క్షమిస్తాడని గజాలీ రాశాడు. సత్యం కోసం వెతకడం మొదలుపెట్టి అది తేలకముందే చనిపోయినవారికీ క్షమాపణ ఉందన్నాడు. మీరు ఇప్పుడు వెతుకుతున్న మనిషి. వెతికేవాళ్ళ కోసం కాపు వేసి పట్టుకునే దేవుణ్ణి రెండు గ్రంథాలూ చూపించవు.

ఆచరణలో తెలియవలసినవి కొన్ని. మీ జ్ఞానస్నానం చెరగనిదని కథోలిక చర్చి బోధ. పూర్తిగా విశ్వాసాన్ని వదిలితే చర్చి చట్టంలో బహిష్కరణ ఉంటుంది, కానీ తిరిగి రావాలనుకుంటే మళ్ళీ జ్ఞానస్నానం అడగరు, పశ్చాత్తాపంతో ఫాదర్ దగ్గరికి వెళితే దారి చూపిస్తారు. ఇస్లాం నుంచి వెనక్కి వెళ్ళడం అలా కాదు. సంప్రదాయ ఫిఖ్‌హ్ (ఇస్లాం ధర్మశాస్త్ర) గ్రంథాలు దీనికి చాలా కఠినమైన శిక్ష చెప్పాయి, కొన్ని దేశాల చట్టాల్లో ఇప్పటికీ అది ఉంది. నేటి పండితుల్లో పలువురు దాన్ని ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను, కానీ ఆ సంగతి మీకు తెలియాలి. 'ఊరికే కలిమా చదివి చూడు, నచ్చకపోతే మానెయ్' అని ఎవరైనా అంటే వినకండి. నమాజు నేర్చుకోవడానికి, రోజా (ఉపవాసం) ఉండి చూడటానికి, మస్జిదులో కూర్చోవడానికి కలిమా అక్కర్లేదు.

మీరు పెళ్ళి ప్రస్తావన తేలేదు. అయినా చెబుతాను, ఇలాంటి ఉత్తరాల వెనుక చాలాసార్లు అదే ఉంటుంది. ముస్లిం పురుషుడు క్రైస్తవ స్త్రీని ఆమె మతంలోనే ఉండగా పెళ్ళాడవచ్చని 5:5 అనుమతిస్తుంది. నిఖా కోసం నువ్వు మారి తీరాలి అని ఎవరైనా అంటే, అది వాళ్ళ ఇంటి ఒత్తిడి, షరియత్ పెట్టిన షరతు కాదు. కథోలిక చర్చి వైపు నుంచి మాత్రం అలాంటి పెళ్ళికి ప్రత్యేక అనుమతి కావాలి.

అమ్మ గురించి మీరు రాసిన పేరా చదివి మనసు కలుక్కుమంది. తల్లిదండ్రులు బహుదైవారాధనకు బలవంతపెట్టినా ఆ ఒక్క విషయంలో వినవద్దు, ఈ లోకంలో మాత్రం వాళ్ళతో మంచిగా మెలగమని 31:15 ఆజ్ఞ. ప్రవక్త సహచరురాలు అస్మా (ర) తన తల్లి ఇంకా విగ్రహారాధనలో ఉండగా, ఆమెతో సంబంధం ఉంచుకోవచ్చా అని అడిగితే ఉంచుకోమనే ప్రవక్త (స) చెప్పారు. ఒకవేళ మీరు నిర్ణయించుకుంటే, పండగపూట, నలుగురిలో, కోపంలో చెప్పకండి. ఆమె ప్రార్థించే గది గురించి, పునీతుల పటాల గురించి ఒక్క తప్పు మాట కూడా అనకండి. కొత్తగా వచ్చినవాళ్ళలో కొందరు ఉత్సాహంలో ఇంట్లోవాళ్ళకు షిర్క్ (దేవునికి ఇతరులను సాటి కల్పించడం) గురించి ఉపన్యాసాలిస్తారు. ఆ గాయాలు మానడానికి ఏళ్ళు పడతాయి. నిర్ణయం తేలకముందు అమ్మకు 'నేను కొన్ని ప్రశ్నలతో ఉన్నాను, నా కోసం ప్రార్థించు' అని మాత్రం చెప్పండి, అది నిజమే కదా.

చదువు ఎలా సాగించాలన్న దానికి నా సలహా చిన్నదే. వాదోపవాదాల వీడియోలు ఆపేయండి, అవి ప్రేక్షకుల కోసం చేసినవి. మర్యమ్ సూరా, ఆలె ఇమ్రాన్ సూరా మొదటి అరవై ఆయతులు తీరిగ్గా చదవండి. పక్కనే యోహాను సువార్త 14 నుంచి 17 వరకు, మార్కు సువార్త మొత్తం చదవండి. వేదాంతం బాగా చదివిన ఒక ఫాదర్‌ను కలవండి, మీ ప్రశ్నలు ఏదీ దాచకుండా అడగండి. ఒక చదువుకున్న ఆలిమాను (ఇస్లాం పండితురాలిని) కూడా కలవండి. ఇద్దరిలో ఎవరు మీ ప్రశ్నకు కోపగించుకున్నా వేరొకరిని వెతుక్కోండి. ప్రార్థన ఆపకండి. 'మాకు రుజుమార్గం చూపించు' అన్న ఫాతిహా (ఖుర్ఆన్ మొదటి సూరా) వాక్యాన్ని కథోలికురాలిగా ఉండి కూడా నిజాయితీగా పలకవచ్చు.

వచ్చే ఆదివారం పూజకు వెళ్ళాలా మానాలా అని ఉత్తరం చివర్లో అడిగారు. వెళ్ళండి. ఇంకా కథోలికురాలిగానే ఉన్నారు కదా. సత్ప్రసాదం తీసుకునే విషయంలో ఫాదర్‌గారిని ముందు అడగండి, ప్రశ్నలున్నంత మాత్రాన ఆయన వద్దనకపోవచ్చు. కానీ అందులో క్రీస్తు లేడని మీరు లోపల నిశ్చయించుకుని ఉంటే, అమ్మ చూస్తోందని మాత్రం నోరు తెరవకండి, అది ఆమె విశ్వాసానికీ గౌరవం కాదు. ప్రవక్త (స) జీవితం చదివేటప్పుడు ఎక్కడ ఆగిపోయారో, ఏది మింగుడు పడలేదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాతి ఉత్తరంలో త్రిత్వాన్ని పక్కన పెట్టి ముందు ఆ ప్రశ్నలే పంపండి, వాటి మీద మాట్లాడుకుందాం.